అడవి పోయినను, బీడు మారినను నేల చెప్పును

రైతు సోదరులు నేలను గురించి సాధారణముగా అడుగు ప్రశ్న ఒక్కటే: ఇందులో ఏ పంట బాగుగా పండును? ఈ వ్యాసములో మరియొక ప్రశ్న ఎత్తుకొనుచున్నాము. ఈ నేలపై ఇదివరలో ఏమి ఉండెడిది? ఇప్పుడది బాగుపడుచున్నదా, చెడుచున్నదా? అడవి నరికిన సంగతి కాగితములలో ఉండకపోవచ్చును. బంచరాయిలో పశువులు మితిమీరి మేసిన సంగతి ఏ పహాణీలోను వ్రాయరు. నేలలో మాత్రము ఆ గుర్తులు నిలిచియుండును. వాటిని చదువుట నేర్చుకొన్న యెడల, బంచరాయిలో మొక్కలు నాటించవలెనా, ఉన్న గడ్డినే కాపాడవలెనా అను దానిని గ్రామాధికారులు ఊహతోగాక ఆధారముతో నిర్ణయింపవచ్చును. తన చేను ఎంత సారము పోగొట్టుకొన్నదో రైతు స్వయముగా తెలిసికొనవచ్చును.

ఈ పాఠమునకు ఎడపల్లి మండలము చక్కగా తగియున్నది. ఒక ప్రక్క అలీసాగరు చుట్టును గుట్టలు, చెట్లు ఉన్నవి. గుట్టల వాలున ఎర్ర చల్కలు, వాటికి దిగువన కాలువ క్రింద నల్లరేగడి మళ్ళు ఉన్నవి. 1931లో నిజాంసాగరు పూర్తియైన పిమ్మట, 1937లో బోధనులో చక్కెర కర్మాగారము స్థాపింపబడిన పిమ్మట, ఈ నేలల వాడకమే మారిపోయెను. వర్షాధారపు పైరుల చోట చెరకు, వరి వచ్చెను. 2015లో కర్మాగారము మూతపడిన తరువాత చెరకు తగ్గి వరి హెచ్చెను. తొంబది ఏండ్లలో ఇన్ని మార్పులు చూచిన నేలలు రాష్ట్రమున ఎక్కువగా లేవు.

మొదట ఒక అపోహను తొలగించుకొనవలెను. మెరకన ఎర్ర నేల, పల్లమున నల్ల నేల ఉండుట మార్పునకు గుర్తు కాదు. తెలంగాణములో ఎక్కడ చూచినను వరుస ఇదియే. మెరకన నీరు నిలువక జారిపోవును, ఇనుము త్రుప్పుపట్టి ఎరుపెక్కును. పల్లమునకు సున్నము, బంకమట్టి కొట్టుకొనివచ్చి చేరి రేగడి ఏర్పడును. ఇది వేల ఏండ్ల పని. కావున చల్కను చల్కతోను, రేగడిని రేగడితోను మాత్రమే పోల్చి చూడవలెను. అడవిలోని చల్కను కాలువ క్రింది రేగడితో పోల్చి “అడవి నేలకన్న మడి నేలయే నల్లగానున్నది” అని తీర్మానించుట తప్పు. రేగడి నలుపంతయు సేంద్రియ పదార్థము వలన వచ్చినది కాదు. ఆ బంకమట్టి స్వభావమే అట్టిది. నల్లగా కనబడు రేగడిలో కూడ కర్బనము చాల తక్కువగా నుండవచ్చును.

మూడు గుంతలు

ఒకే వాలున, ఒకే రకపు నేలలో మూడు చోట్లు ఎన్నుకొనుడు. మొదటిది చెట్లు దట్టముగా నున్న చోటు. ప్రభుత్వ అడవిలో త్రవ్వుటకు అటవీశాఖవారి అనుమతి కావలెను. గుడి తోపు గాని, పాత మామిడితోట గాని ఉన్నచో అదియును పనికివచ్చును. రెండవది బంచరాయి. మూడవది ఏండ్ల తరబడి దున్నుచున్న చేను. ఒక్కొక్క చోట మోకాలిలోతు గుంత త్రవ్వి, ఒక గోడను నిట్టనిలువుగా చెక్కి, ఎండ తగులునట్లు చూడుడు.

చెట్ల క్రింది గుంతలో పైన ఆకుచెత్త, దాని క్రింద సగము కుళ్ళిన చెత్త, ఆ క్రింద ముదురు రంగు గల గుల్ల మట్టి కనబడును. ఈ ముదురు పొర మందమును కొలిచి వ్రాసికొనుడు. చేనిలో అదే పొర పలుచబడి, దుక్కిలోతు క్రింద గట్టి పలకవంటి పొర అడ్డువచ్చును. కొన్ని చోట్ల ముదురు పొర బొత్తిగా ఉండదు. మొరము గాని, సున్నపు గడ్డలు గాని పైకే తేలియుండును. మొరము ఎక్కడి నుండియో రాలేదు. దానిని కప్పియున్న మట్టి పోయినందున బయటపడినది. తాతల నాడు లేని రాళ్ళు చేనిలో ఏటేట “మొలచుచున్నవి” అని రైతులు చెప్పుట నేను పలు ఊళ్ళలో విన్నాను. ఆ మాటకు అర్థమిదియే.

ముదురు రంగునకు మూలము సేంద్రియ కర్బనము. అడవిలో ఏటేట ఆకు రాలును, వేళ్ళు చచ్చి కుళ్ళును. నేలకు నీడ ఉండును. చెట్లు కొట్టి దున్నిన వెంటనే మూడు మార్పులు కలుగును. రాలు ఆకు ఆగిపోవును, ఎండ సూటిగా తగిలి నేల కాగును, దుక్కి వలన గాలి చొరబడి సూక్ష్మజీవులు పాత నిలువను వేగముగా తినివేయును. క్రొత్తగా కొట్టిన నేల మొదటి రెండు మూడేండ్లు విరగబండుటకును, తరువాత నీరసపడుటకును ఇదియే కారణము. ఆ పంట అడవి కూడబెట్టిన మూలధనమును తినుట వలన వచ్చినదే.

ఈ నష్టము ఎంత యని పలు దేశములలో కొలిచిరి. గువో, గిఫర్డ్ అను శాస్త్రజ్ఞులు 2002లో, అంతకుముందు వెలువడిన 74 పరిశోధన పత్రములలోని ఫలితములను ఒకచోట చేర్చి చూచిరి. సహజమైన అడవిని కొట్టి పంట వేసిన చోట్ల నేలలోని కర్బనము సగటున నూటికి 42 పాళ్ళు తగ్గెను. పచ్చికను దున్ని పంట వేసిన చోట్ల నూటికి 59 పాళ్ళు తగ్గెను. ఈ రెండవ అంకెను గ్రామాధికారులు ప్రత్యేకముగా గమనింపవలెను. పచ్చికబీడు “ఖాళీ భూమి” అని మనమనుకొందుము. గడ్డి తన సొత్తును ఆకులో గాక వేళ్ళలో, నేలలోపల దాచుకొనును. అందుచే పైకి కనబడదు.

మన లెక్కలో చెప్పుదము. ఎకరము నేల, ఆరంగుళముల లోతున, సుమారు 850 టన్నులు తూగును. అందులో కర్బనము నూటికి 0.1 పాలు తగ్గినదనగా 850 కిలోల కర్బనము పోయినదన్నమాట. దానితోపాటు సుమారు 75 కిలోల నత్రజని కూడ పోవును. యూరియాలో చెప్పవలెనన్న మూడున్నర బస్తాలకు పైమాటే. భూసార పరీక్షలో కర్బనము 0.5 కన్న తక్కువ యున్న నేలను తక్కువ సారము గలదిగాను, 0.5 నుండి 0.75 వరకు మధ్యరకముగాను, 0.75 దాటిన దానిని మంచిదిగాను లెక్కింతురు. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రముల పథకములో పరీక్షించు 12 అంశములలో ఇదియు ఒకటి. చాలమంది రైతులు ఆ పత్రములో నత్రజని, భాస్వరము, పొటాషుల అంకెలే చూచి మడిచి పెట్టుదురు. చూడవలసిన మొదటి అంకె కర్బనముదే యని నా అభిప్రాయము.

ఇంటివద్ద చేయదగిన పరీక్షలు

మూడు గుంతల నుండి కోడిగ్రుడ్డంత మట్టిపెళ్ళలను తీసి, నీడన ఆరబెట్టి, మూడు గాజు గ్లాసుల నీటిలో మెల్లగా విడువుడు. చెట్ల క్రింది పెళ్ళ చాలసేపు చెక్కుచెదరక యుండును. సారము పోయిన చల్క పెళ్ళ కొద్ది నిమిషములలో బురదగా కూలిపోవును. కూలిన మట్టి మొదటి వానకే రేగి, రంధ్రములను పూడ్చి, ఎండినప్పుడు పైన పెంకుకట్టును. మొలక పైకి రాలేదు. రేగడి పెళ్ళ ఎండినప్పుడు నీటిలో వేసిన తన స్వభావము చేతనే విచ్చిపోవును గనుక, రేగడిని మరల రేగడితోనే పోల్చవలెను.

నీరింకు వేగము చూచుటకు అడుగును, మూతను తీసివేసిన డబ్బా చాలును. దానిని మూడు వ్రేళ్ళ లోతు నేలలోనికి దించి, రెండంగుళముల మేర నీరు పోసి, ఎంతసేపటిలో ఇంకునో గడియారము చూచి వ్రాసికొనుడు. నేల పూర్తిగా ఎండియున్నపుడు మొదటిసారి నీరు వేగముగా పోవును. కావున రెండవసారి పోసిన నీటినే లెక్కకు తీసికొనవలెను. పశువులు ఒకే త్రోవన నడిచిన బంచరాయిలో నీరు కదలక నిలుచుట, పది గజముల దూరమున పొద క్రింద గడగడ ఇంకుట కన్నులార చూడవచ్చును. వాన ఒక్కటే, నేల ఒక్కటే. గిట్టల వలన వచ్చిన భేదమది.

నేల అణగుటను అంకెలలో తెలిసికొనగోరువారు కొలత తెలిసిన డబ్బాతో మట్టిని చెదరకుండ తీసి, పూర్తిగా ఎండబెట్టి తూచవలెను. 500 ఘనపు సెంటీమీటర్ల డబ్బాలో 650 గ్రాముల పొడిమట్టి పట్టినచో సాంద్రత 1.3, 800 గ్రాములు పట్టినచో 1.6. ఇసుకపాలు హెచ్చుగానున్న చల్కలో 1.7 దాటిన వేళ్ళు ప్రాకుట కష్టము. రేగడి తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొనును గనుక అందులో ఎప్పుడు కొలిచినను ఒకే తడిలో కొలువవలెను.

వానపాములు, చెదలు, పేడపురుగులు ఉన్నవో లేవో కూడ చూడుడు. ఉదజని సూచిక, లవణముల సంగతి భూసార పరీక్షాకేంద్రమువారే చెప్పుదురు. అడవి మార్పుకన్న కాలువ నీటి వాడకమును తెలుపుటకు అవి ఎక్కువ ఉపయోగించును. పల్లపు మళ్ళలో తెల్లని పొర తేలుట, సూచిక 8.5 దాటుట నీరు పోవు దారి లేదనుటకు గుర్తులు.

మంజీర తెచ్చిన మట్టి

ఒక చేని సంగతిని గుంత చెప్పును. ఒక నదీప్రాంతపు సంగతిని జలాశయము చెప్పును. మంజీర మహారాష్ట్రములోని బాలాఘాట్ కొండలలో పుట్టి, బీదరు ప్రాంతము మీదుగా మన రాష్ట్రమున ప్రవేశించును. ఆ దారి పొడవున ఒకప్పటి గడ్డిబీళ్ళు, చిట్టడవులు చాలవరకు చేలుగా మారినవి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ముఖ్య ఇంజనీరుగా నుండి కట్టించిన నిజాంసాగరు మొదట దాదాపు 30 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. 1970 దశాబ్దినాటికి అది 12 టి.ఎం.సి.లకు లోబడెను. కట్టినవారు ఊహించినదానికన్న ఎన్నో రెట్లు వేగముగా ఒండ్రు చేరెను. పిమ్మట నీటిమట్టమును 1405 అడుగులకు పెంచి, నిలువను 17.8 టి.ఎం.సి.లకు తెచ్చిరి.

పోయిన 18 టి.ఎం.సి.ల చోటును నింపినది మట్టియే. ఆ మట్టిని ప్రాజెక్టు తొలి ఆయకట్టు 2,75,000 ఎకరములపై సమానముగా పరచినచో ఒకటిన్నర అడుగు మందము వచ్చును! ఎగువ వాలులపై మన గుంతలో కనబడక పోయిన ముదురు పొర ఎక్కడికి పోయెనో ఇందువలన తెలియుచున్నది. నదులు మానవుడు దున్నుటకు ముందునుండియు ఒండ్రు తెచ్చుచునే యున్నవి. అంతయు మన పాపమే యనుట న్యాయము కాదు. అయితే వాలున పచ్చిక పలుచబడినకొలది ఒండ్రు హెచ్చుననుటలో సందేహము లేదు.

ఊరి చెరువులోనిదియు ఇదే మట్టి. 2015 మార్చిలో అప్పటి నిజామాబాదు జిల్లా సదాశివనగరులో మిషన్ కాకతీయ పనులు ప్రారంభమైనపుడు, చెరువు మట్టిని రైతులు చేలకు తోలుకొనిపోవుటకు వీలు కల్పించిరి. చల్కలకు ఆ మట్టి మేలు చేయును. బంకపాలు హెచ్చి తడి నిలుచును. ముందుగా దానిని పరీక్ష చేయించుడు, ఉప్పుమట్టి యైన తోలకుడు. రేగడికి మరల బంకమట్టి తోలుట వృథా ఖర్చు.

చెట్టుదా, గడ్డిదా?

ఇప్పుడు బంచరాయి సంగతికి వత్తము. 2015 నుండి హరితహారము క్రిందను, 2020 నుండి పల్లె ప్రకృతి వనముల క్రిందను గ్రామములలో లక్షల మొక్కలు నాటిరి. నాటిన చోటును బట్టియే ఫలితముండును. మన జిల్లాలో సాలున సుమారు 1000 మిల్లీమీటర్ల వాన కురియును. లోతైన నేలలో ఈ వాన టేకు, తునికి, నల్లమద్ది పెరుగుటకు చాలును. జానెడు మట్టి క్రిందనే పలకరాయి గాని, గట్టి మొరము గాని ఉన్న చోట గడ్డియే సహజమైన పంట. అక్కడ గుంతలు త్రవ్వి మొక్క పెట్టిన యెడల, మొక్క చచ్చును, త్రవ్విన చోట గడ్డియును పోవును, వానకు మట్టి జారును. రెంటికి చెడిన రేవడి యగును.

బంచరాయిలో గుంత త్రవ్వినపుడు చూడవలసినదేమనగా: నేల లోతుగానుండి, లోపల బొటనవ్రేలంత పాత వేళ్ళ దారులు, కుళ్ళిన మొదళ్ళు కనబడినను, చుట్టును మోదుగ, తునికి మోళ్ళు మరల చిగిర్చుచున్నను అది పోయిన అడవి. అచ్చట కొన్నేండ్లు పశువులను ఆపిన చాలు, నాటనక్కరలేకయే చాలవరకు లేచివచ్చును. నేల పలుచగానుండి, సన్నని పీచువేళ్ళు దట్టముగా అల్లుకొని, ముదురు పొర ఆ అల్లికలోనే యున్నచో అది గడ్డిభూమి. పశువులు తినని చీపురుగడ్డి, ముండ్ల తుప్పలు హెచ్చి, కుదుళ్ళ నడుమ బోడినేల కనబడుచున్నచో అది అలసిన గడ్డిభూమి. దానికి కావలసినది విశ్రాంతి. బంచరాయిని మూడు నాలుగు భాగములు చేసి, వానకాలమున ఒక భాగమును వంతువారీగా మూసివేయుట గ్రామసభ తీర్మానముతో చేయదగిన పని. గొర్రెల కాపరులను పిలువక చేసిన తీర్మానము నిలువదు. పచ్చిక ఎక్కడ ఎప్పుడు పలుచబడెనో వారికి తెలిసినంత మరెవరికిని తెలియదు.

ఒక చోట పూర్వము చెట్లుండెనా, గడ్డియుండెనా అను దానిని ప్రయోగశాలలో మరింత నిశ్చయముగా తెలిసికొను ఉపాయము కలదు. గాలిలోని కర్బనములో మామూలు రకముతోపాటు కొంచెము బరువైన రకమును అత్యల్పముగా కలిసియుండును. చెట్లు బరువు కర్బనమును బాగుగా తగ్గించి గ్రహించును. ఉష్ణదేశపు గడ్డిజాతులలో చాలభాగము, వాటితోపాటు జొన్న, మొక్కజొన్న, చెరకు, అంతగా తగ్గించవు. ప్రమాణముతో పోల్చినపుడు చెట్ల కర్బనము వేయింటికి సుమారు 27 పాళ్ళు, ఈ గడ్డిజాతులది సుమారు 12 పాళ్ళు తక్కువగా నుండును. మొక్క చచ్చి మట్టియైనను ఈ భేదము పోదు. బ్రెజిలు దేశములో అడవి కొట్టి చెరకు వేసిన నేలలలో, ఎంత కర్బనము పాత అడవిదో, ఎంత చెరకుదో ఈ లెక్కతో విడదీసిరి. మన దేశములో సుకుమార్, రమేశ్, పంత్, రాజగోపాలన్ అను శాస్త్రజ్ఞులు నీలగిరులలోని పాత కుళ్ళునేలలను ఇట్లే పరీక్షించి 1993లో ఫలితములను ప్రకటించిరి. వేల ఏండ్లుగా వానలు తగ్గినపుడు గడ్డి, హెచ్చినపుడు చెట్లు ముందుకు వచ్చినట్లు అందువలన తేలెను.

బోధను ప్రాంతములో ఈ పరీక్ష జరిపినచో ఒక చిక్కు ఎదురగును. చెరకు గడ్డి గుంపులోనిది. వరి ఆకారమున గడ్డియైనను ఈ విషయమున చెట్ల గుంపులోనిది! కావున అడవి పోయి చెరకు వచ్చిన నేలలో గుర్తు స్పష్టముగా కనబడును. తరువాత వరి వేసినకొలది ఆ గుర్తు మరల మసకబారును. పైపొరను, క్రిందిపొరను విడివిడిగా చూచినగాని కథ తెలియదు.

దక్కనులో గడ్డి, పశువు నిన్నటివి కావు. మహబూబునగరు ప్రాంతమున ఉట్నూరు వద్ద బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ అను పురాతత్త్వజ్ఞుడు త్రవ్వించెను. అది నాలుగువేల ఏండ్లకు పూర్వపు పశువుల దొడ్లలో పేరుకొన్న పేడ కాలిన బూడిదయని తేలెను. మంద నిలిచిన చోటు గుర్తును కూడ నేల అంతకాలము దాచును.

చేనివద్దకు వచ్చినచో, ఈ ప్రాంతమున నన్ను ఎక్కువగా కలవరపెట్టునది నిప్పు. యంత్రముతో వరి కోసిన తరువాత మిగిలిన గడ్డిని, చెరకు నరికిన తరువాత ఆకును కాల్చుట అలవాటైనది. రెండవ పంటకు వ్యవధి లేదని రైతు చెప్పు మాటలో నిజము లేకపోలేదు. అయినను ఎకరమునకు టన్నులకొలది ఆకు పొగయై పోవుచుండగా కర్బనపు అంకె పైకి వచ్చుట కల్ల. వీలున్నచోట గడ్డిని నీటితో కలియదున్నుడు. మొడెం చెరకులో ఆకును సాలు విడిచి సాలున పరచుడు. ఒక మడిలో రెండేండ్లు చేసి, కాల్చిన మడితో పెళ్ళ పరీక్ష చేసి చూచుకొనుడు.

మట్టి నమూనాలను వేసవిలో, ఎరువు వేయకముందు తీయవలెను. గట్టు ప్రక్కను, పెంట కుప్ప వేసిన చోటును, చెట్టు నీడను విడువుడు. చేనిలో పది పండ్రెండు చోట్ల ఆరంగుళముల లోతున తీసి, కలిపి, నాలుగు పాళ్ళు చేసి ఎదురెదురు పాళ్ళను విడుచుచు పోయి, అరకిలో మిగిల్చి గుడ్డసంచిలో కట్టుడు. బంచరాయి నమూనాను, తోపు నమూనాను వేరువేరుగా కట్టి, సర్వే నంబరు, తేదీ, ముదురు పొర మందము చీటీపై వ్రాయుడు. రుద్రూరు కృషి విజ్ఞాన కేంద్రమువారిని గాని, మీ వ్యవసాయ విస్తరణాధికారిని గాని సంప్రదించిన పరీక్షకు పంపు ఏర్పాటు తెలియును. మూడేండ్ల తరువాత అదే నెలలో, అదే చోట మరల తీయుటకు వీలుగా గుంత దగ్గర ఒక రాయి పాతి, దాని సంఖ్యను పంచాయతీ పుస్తకములో ఎక్కించుడు.